అమ్మేవారు కారు

"డిక్కీ తెరుచుకుంటేనే బేరం. పదిన్నర దాటితే రాహుకాలం, ఇంక నేను కొనను," అన్నాడు అనకాపల్లి నుంచి వచ్చిన మన్మథరావు, చేతిలో నిమ్మకాయలతో. శుక్రవారం. అప్పటికే తొమ్మిదిన్నర.

డిక్కీ తెరుచుకోవడం లేదు. తాళం చెవి సగం దూరి ఆగిపోతోంది.

నర్సీపట్నంలో ఏటికొప్పాక బొమ్మల కొట్టు నడిపే రాజుబాబు తన పాత అంబాసిడర్ వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సన్నగా చినుకు. ఆ చప్పుడుకి ఆయన ఊహలో కారు నిలబడే పోతోంది, లంబసింగి ఘాట్‌లో, మబ్బుల మధ్య, చక్రాలు నేలకి తగలకుండా. నిజానికి రాజుబాబు గారు కారు అమ్మేవారు కారు. అమ్మమన్నది ఆయన భార్య సత్యలక్ష్మి.

"ఏటండీ ఆ కలలు? మాటిచ్చీసినాం, దిగండి!" అందామె, పొద్దున పెనం కాలిందంటూ బొటనవేలికి గుడ్డ బిగించుకుంటూ. "ఇరవయ్యేళ్ళుగా ఈ డొక్కుని తుడవలేక సస్తన్నాను."

"డొక్కు కాదే, నా దిక్కు."

"దిక్కయితే డిక్కీ తెరవండి!"

రాజుబాబు సీట్లో ఇంకాస్త లోపలికి జరిగాడు.

"దిగండి బాబూ, సీటు ఊడదియ్యాల," అన్నాడు మెకానిక్ ఎర్రన్న.

"పదిన్నర దాకా ఊడదీస్తానే ఉండు," అని దిగుతూ అతని చెవిలో ఊదాడు రాజుబాబు.

ఎర్రన్న చేతికి ఆ విద్య రాదు. పావుగంటలో సీటూ, దాని వెనక రేకూ తీసి, డిక్కీలోకి దూరి, లాకు సిలిండర్ ఊడబెరికి తెచ్చాడు. దాని నోట్లో ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. వాసన చూశాడు.

"లక్కండీ. బొమ్మలకి పూసేది. ఎవులో కరిగించి పోసీసినారు."

"లాకులో లక్కా! ఏం లక్కు!" అనేశాడు రాజుబాబు.

"మీ కొట్లోదే! మీ పనే!" సత్యలక్ష్మి కేకకి ఎదురింటి పిట్టగోడ మీది కాకులు లేచాయి.

"నీ మీదొట్టు, నేను కాదే!"

"నా మీదొద్దు. కారు మీదెయ్యండి."

కారు మీదా వేశాడు. ఎవరూ నమ్మలేదు.

పదీ ఇరవైకి కొత్త సిలిండర్ బిగిసింది, సీటు ఎక్కింది, డిక్కీ లేచింది. "కొత్తరకం అమ్మగోరూ. మూస్తే తాళం దానంతటదే పడిపోద్ది," అంటూ ఎర్రన్న తాళాలు రెండూ ఆమె చేతిలో పెట్టాడు. మన్మథరావు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. రాజుబాబు ఆ తాళాల వైపు చూడ్డానికి తాళలేక, తడిసిన బానెట్ నిమురుతూ నిలబడ్డాడు.

"ఆకరిసారి తుడిసిస్తాను," అంటూ సత్యలక్ష్మి డిక్కీలోకి వంగింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత ధబ్బున మూసింది.

"తాళాలేవండీ?" అన్నాడు మన్మథరావు.

"అయ్యో! రెండూ లోపలే ఒగ్గీసినాను!"

మళ్ళీ సీటు ఊడాలంటే పావుగంట; రాహుకాలానికి అంత టైము లేదు. మన్మథరావు గడియారం చూసుకున్నాడు. "ఒక్క పొద్దులో రెండుసార్లు మూసుకుపోయిన కారు నాకొద్దు," అని నిమ్మకాయలు ఏరుకుని వెళ్ళిపోయాడు.

"నీ మతిమరుపు సల్లగుండ!" అంటూ రాజుబాబు ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తడిసిన గుడ్డ జారి కింద పడింది.

బొటనవేలంతా ఎర్రటి లక్క.