కమిషన్ కళ్లారా చూసింది

సరయెవోలో యుద్ధం ముగిసి ఐదేళ్లయింది. యుద్ధ బాధితురాలన్న కాగితం లేనిదే మునీరాకు మందులు రావు. లక్షణాలను కమిషన్ కళ్లారా చూస్తేనే ఆ కాగితం. కమిషన్ అంటే డాక్టర్ వాహిద్. నేను టైపిస్టును.

"పెద్ద చప్పుడు వింటే గుండెదడ, చెమట, ఊపిరాడదు, చేతులు వణుకుతాయి," అంది మునీరా, గోడ గడియారం చూస్తూ.

"మా అత్తగారు వస్తోందంటే నాకూ అంతే. యుద్ధం అయిపోయిందని మీకెవరూ చెప్పలేదా? రాసుకో అమ్మాయ్, లక్షణాలేవీ లేవు."

మునీరా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

ఆ రోజు రంజాన్ మొదటి ఉపవాసం. ఉపవాసం విడవమని కొండ మీద ఫిరంగి పేలింది.

మునీరా కళ్లు తెరిచేసరికి ఎదురుగా డాక్టరు లేడు. బల్ల కింద ముడుచుకుని, చెమటలు కక్కుతూ, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు.

మునీరా వంగి, వణుకుతున్న ఆయన చెయ్యి పట్టుకుంది. "మీ అత్తగారు కాదు డాక్టరు గారూ, ఇఫ్తార్ ఫిరంగి. నాతోపాటు మెల్లగా ఊపిరి వదలండి. ఆఁ, ఇంకోసారి."

ఆయన కుర్చీలోకి వచ్చేలోపు నేను మునీరా కాగితం నింపేశాను: "కమిషన్ కళ్లారా చూసిన లక్షణాలు: చెమట, ఊపిరాడకపోవడం, చేతుల వణుకు."

ఆయన చాలాసేపు చదివాడు. సంతకం వంకరగా పడింది.