తెల్మో తొలి తోర్తియా

సోమవారం నుంచి ఎల్వీరా మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలి. ఏడు నెలల తెల్మోని ఎవరు చూసుకోవాలన్నది ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర తేలిపోవాలి.

అమ్మమ్మ ఫెలీసా ఉంది. నాయనమ్మ బెనిల్దె ఉంది. ఇద్దరిదీ ఒకే వీధి. ఇద్దరికీ భర్తలు పోయారు, ఒళ్ళు మాత్రం గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఒకరిని అడిగితే రెండోవారు చచ్చేదాకా మొహం చూడరు. మా పలెన్సియా ఊళ్ళో మనవడి విషయంలో పట్టింపుకు పోని ముసలమ్మ ఇంకా పుట్టలేదు. ఈ దిగులుతో ఎల్వీరాకి కంటి మీద కునుకు లేదు.

ఉపాయం చెప్పింది ఆమె భర్త దామియాన్.

"మనం చెబితే కదా గొడవ! వాణ్ణే చెప్పమందాం."

"పాలు తాగేవాడు ఏం చెప్తాడు, నీ మొహం!"

"తిని చెప్తాడు."

తెల్మోకి అప్పుడే తిండి అలవాటు చేస్తున్నారు. ఆరోగ్యకేంద్రంలో నర్సు నేర్పిన పద్ధతి. మెత్తగా నూరడం, చెంచాతో నోట్లో కుక్కడం ఉండవు. ముక్క ముందు పెడతారు. పిల్లాడే పట్టుకుంటాడు. తింటే తింటాడు, లేకపోతే నేలకేసి కొడతాడు. బతిమాలకూడదు. కూరగాయలయ్యాయి, పళ్ళయ్యాయి, గుడ్డు కూడా ఒంటికి పడింది. ఇక మిగిలింది తోర్తియా.

బంగాళాదుంపలు నూనెలో మగ్గించి, గుడ్ల సొనలో కలిపి, దిబ్బరొట్టె మందాన కాల్చే ఆ వంట దగ్గర రెండిళ్ళకీ పడదు. బెనిల్దె ఉల్లిపాయ వేస్తుంది. ఉల్లిపాయ వేసేవాళ్ళింట్లో ఫెలీసా మంచినీళ్ళు కూడా ముట్టదు. ఎల్వీరా పెళ్ళి విందులో చుట్టాలందరూ ఈ గొడవ మీదే రెండు జట్లుగా విడిపోయారు.

కాబట్టి ఎవరి తోర్తియా వాళ్ళు చేసుకురావాలి. తెల్మో ఎవరిది ముందు తింటే, సోమవారం నుంచి వాడు ఆవిడ దగ్గర.

"ఉప్పు వద్దు," అని ఎల్వీరా ఇద్దరికీ చెప్పింది. "లోపల జారుగా ఉండకూడదు, గుడ్డు పూర్తిగా ఉడకాలి. దుంప రెండు వేళ్ళ మధ్య నలిగిపోవాలి. పిడికిట్లో పట్టుకుంటే పైకి కనిపించేలా వేలంత ముక్కలు కోద్దాం."

"ఉప్పూ లేక, జారూ లేక, అదేం తోర్తియానే? ఆసుపత్రి పథ్యం!" అంది ఫెలీసా.

"మీ అమ్మ రోజూ చేసేదీ అదేగా, కొత్తేముంది?" అంది బెనిల్దె కోడలితో.

పందేనికి మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

ఆదివారం బెనిల్దె తెచ్చిన తోర్తియా అడుగు నల్లగా మాడి ఉంది.

"పెనం పాతదైపోయింది," అందావిడ, ఎవరూ అడక్కముందే.

ఫెలీసా మూత తీయగానే వెల్లుల్లి వాసన ఇల్లంతా కమ్మేసింది.

"మా అమ్మ ఇలాగే చేసేది," అందావిడ.

ఎల్వీరా తన అమ్మమ్మ చేతి వంట తిని పెరిగింది. అందులో వెల్లుల్లి ఉన్నట్టు ఆమెకు గుర్తు లేదు. పాపం, పసివాడి కోసం ఇద్దరూ ఎంత కంగారు పడ్డారో అనుకుంది. ఆమె గుండె కరిగిపోయింది.

కూర్చునే దగ్గర ఇంకో పేచీ వచ్చింది.

"వదినా, మీరు కుడివైపు కూర్చోండి. వాడు కుడిచేత్తోనే అందుకుంటాడు," అంది ఫెలీసా.

"అయ్యో, పిల్లనిచ్చినవారు, మీరుండగా నేనా? మీరే కూర్చోండి."

"పెద్దవారు మీరు."

"మీకన్నా చిన్నదాన్నే. ఊరందరికీ తెలుసు."

దామియాన్ పిల్లాడి కుర్చీని బల్ల మధ్యకి జరిపి ఆ మర్యాదలకి ముగింపు పలికాడు.

రెండు ముక్కలూ తెల్మో ముందు పెట్టారు. ఇద్దరు ముసలమ్మలూ పిలవలేదు, నవ్వలేదు, చిటికె వెయ్యలేదు. ఫెలీసా కంటికి మందు వేసుకున్నానంటూ నల్లకళ్ళద్దాలు కూడా తియ్యలేదు. బెనిల్దె గుర్తింపు కార్డు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది.

"మా అమ్మ ఒకళ్ళ మాట వినడం ఇదే మొదటిసారి," అని దామియాన్ భార్య చెవిలో గొణిగాడు.

తెల్మో ముందు వెల్లుల్లి వాసన వేసే ముక్క పట్టుకున్నాడు. బెనిల్దె ఆగలేకపోయింది.

"తిను నాన్నా, తిను! మీ అమ్మమ్మ కష్టపడి చేసింది."

"అత్తయ్యా, బతిమాలకూడదు!" అంది ఎల్వీరా. ఎంత మంచి మనసు అని లోపల మురిసిపోయింది.

తెల్మో ఆ ముక్కని పిసికాడు. కాస్త జుట్టుకి రాసుకున్నాడు. మిగిలింది నేలకేసి కొట్టాడు. తర్వాత మాడు ముక్క అందుకున్నాడు. చీకాడు. మొహం చిట్లించాడు. మళ్ళీ చీకాడు. మొత్తం తినేసి, ఇంకోటి తెమ్మన్నట్టు బల్ల మీద చరిచాడు.

బెనిల్దె కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

"ఊరుకోండత్తయ్యా," అంటూ ఎల్వీరా ఆవిణ్ణి కావిలించుకుంది. దామియాన్ వైన్ సీసా తెరిచాడు.

ఫెలీసా లేచింది. మనవడి నుదుటి మీద ముద్దు పెట్టింది. "అదృష్టవంతులు వదినా మీరు," అంది నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ. చేతిసంచి తీసుకుని బయటికి నడిచింది.

ఎల్వీరా మెట్ల దాకా వెంటపడింది. "అమ్మా, శనివారాలు నువ్వు చూసుకుందువుగాని."

"వద్దులే తల్లీ. వాడి తీర్పు వాడిది. మీ అత్తగారి సంతోషం చెడగొట్టకు."

కన్నతల్లిని చేతులారా కష్టపెట్టానని ఎల్వీరా తలుపు పట్టుకుని ఏడ్చింది.

వీధి మలుపు తిరిగాక ఫెలీసా ఆగి, స్నేహితురాలికి ఫోన్ చేసింది.

"నేనే గెలిచా పూరా! చలికాలం గడపడానికి బెనిడార్మ్ సముద్రం దగ్గరికి మనం వెళ్ళే బస్సులో నా సీటు ఖాయం చేసి, మా వదిన సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్."