కుప్పుస్వామి గదికి కిటికీ

"ఒక్క కిటికీ పెట్టు తల్లీ! కుప్పుస్వామి గదిలోకి!"

పొద్దున్నుంచి ఫ్లెక్సీ అంగడి నారాయణది ఇదే పాట. అన్న కూతురు లోహిత తల పట్టుకుంది.

చిత్తూరులో సగం ఫ్లెక్సీ అంగళ్లకు ఆమె సర్వరే దిక్కు. మిషన్ ఒకటే, లోపల గదులు బోలెడు. ఎవరి ఫైళ్లు వాళ్ల గదిలో. ఈ గదిలో నిప్పంటుకున్నా పక్కగదిలోకి పొగ పోదు.

"తప్పు చిన్నాయనా."

"శుక్రవారం గంగమ్మ జాతర కమిటీవాళ్లు నా బొమ్మా, ఎదురంగడి కుప్పుస్వామి బొమ్మా చూస్తారు. జాతర ఆర్చి వాడికి పోయిందా, నేను అంగడి మూసి తిరుచానూరులో పూలమ్ముకోవాల్సిందే!"

లోహిత కాసేపు ఆలోచించింది. నవ్వింది.

"సరే. ఒక ఫోల్డర్ నీ గదిలోనూ కనబడేట్టు చేస్తా. కాపీ కాదు, అదే ఇది. ఆడ గీత గీస్తే ఈడ కనబడుతుంది. చూడొచ్చు, తీసుకోవచ్చు. మార్చలేవు."

కిటికీ తెరుచుకుంది. నారాయణ నోరూ తెరుచుకుంది.

ఏం బొమ్మ అది! ఆ గంగమ్మ కళ్లుంటే కరెంటు పోయినా అంగట్లో దీపం అక్కర్లేదు. నారాయణ ఫ్లెక్సీల్లో అమ్మవారు బఠాణీ గింజంత. చుట్టూ తలకాయలు మాత్రం జనాభా లెక్కలోళ్లొచ్చి లెక్కపెట్టాల్సినన్ని.

"కోమలీ, ఇట్రా! సూడు, కుప్పుస్వామి దగ్గర ఎట్లాంటి చెయ్యుండాదో! నీకు పదేండ్లయినా పేర్లు టైపు కొట్టేదే సరిగ్గా రాదు."

భార్య కోమలి కళ్లజోడు సవరించుకుంది. "అంత బాగుండాదా?"

"బాగుండేదేందే! ముక్కుపుడక ఒకటి పెద్దదైతే అమ్మవారు లేచొచ్చేస్తాది. ఆ చెయ్యి మన అంగడికొస్తే నా కుర్చీ ఇచ్చేస్తా. దినామూ టీ నేనే మోస్తా. గంగమ్మ మీదొట్టు!"

"ఒట్లెందుకులేయ్యా," అంటూ కోమలి పాత లాప్‌టాప్ సంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు చూస్తే కిటికీలో ముక్కుపుడక రూపాయి బిళ్లంత!

"సూస్తివా!" నారాయణ కుర్చీలోంచి ఎగిరినాడు. "నా మనసులో మాట వాడి గదికి తెలిసిపోతాండాది!"

శుక్రవారం కమిటీ ముందు ఆ బొమ్మనే పరిచాడు. కుప్పుస్వామి కూడా అదే విప్పితే పరువు గంగపాలు.

కుప్పుస్వామి విప్పాడు. రెండు చిలకలు. నడుమ అమ్మవారు. అమ్మవారికంటే పెద్దగా ఆయన ఫోన్ నంబరు.

ఆర్చి నారాయణదే. మెళ్లో మాల పడింది. అయినా బుర్రలో పురుగు తొలుస్తానే ఉంది. బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"అంత బొమ్మ గదిలో పెట్టుకుని వాడు చిలకలు తెచ్చినాడేం లోహితా?"

"కుప్పుస్వామి గదికి నేను కిటికీ పెట్టనే లేదు చిన్నాయనా, ఇన్నాళ్లూ నువ్వు తొంగిచూసింది చిన్నమ్మ గదిలోకి, టీలో చక్కెర తక్కువ వెయ్యమనింది."