రాయి మీద రెండో పేరు

“ఈ బలరాం ఎవరో రేపటిలోగా తేలకపోతే కొత్త రాయి మీద ఆ పేరుండదు,” అన్నాడు కృష్ణమోహన్.

“తేలకపోడమేటి బాబూ? నా తోడబుట్టినోడు,” అంటూ చిన్నారావు రేకుపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

కృష్ణమోహన్ రిటైరైన సుబేదారు, వైశాలి నగర్ అమరవీరుల స్తూపం కమిటీకి పెద్ద. పాత స్తూపం మీద ‘బలరాం, 1971’ అని తప్ప ఇంకేమీ లేదు. పక్క ఊళ్లయిన జాముల్ నుంచి ఒకరు, దుర్గ్ నుంచి ఒకరు ఆ బలరాం మావాడేనంటూ వచ్చి, ఒక్క కాగితమైనా చూపించలేక వెళ్లిపోయారు. చిన్నారావు పెట్టెలో మాత్రం అన్నీ ఉన్నాయి. తండ్రి పైడిరాజు పేరిట వచ్చిన టెలిగ్రామ్, పటాలంలో చేరిన కాగితం, నంబరున్న బిళ్ళ, యూనిఫాంలో దిగిన ఫొటో.

కృష్ణమోహన్ ఫొటోని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. “కాగితంలో ఇరవయ్యేళ్లున్నాయి. మీసమైనా మొలవలేదేం?”

“మా ఇంట మీసాలు ఆలస్యమండీ.”

కృష్ణమోహన్ నవ్వేశాడు. “మా రోజుల్లో వయసు చాలక అన్న సర్టిఫికెట్టుతో చేరిపోయిన గడుగ్గాయిలూ ఉండేవారులెండి.”

చిన్నారావు మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. కాగితాల ప్రకారం ఆయనకి డెబ్బై. మోకాళ్లు మాత్రం ఆ లెక్కని ఏనాడూ ఒప్పుకోలేదు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడికి వయసుకి ముందే ముసలాడైపోయాడని ఉక్కు ప్లాంటులో తోటివాళ్లంతా ఆటపట్టించేవారు.

“సరే, తేలిపోయింది. బలరాం, తండ్రి పైడిరాజు. అంతేగా?”

“కింద ఇంకో వరస ఉండాలండీ. ‘తమ్ముడు చిన్నారావు’.”

“బతికున్నవాళ్ల పేర్లు చెక్కమండీ.”

“అయితే నా పెట్టె నాకిచ్చీండి.”

పక్కనున్న మనవరాలు చాందినికి తల కొట్టేసినంత పనైంది. “తాతా, క్యా కర్ రహే హో! అమరవీరుల మధ్య నీ పేరేటి?”

“ఉండాలమ్మా.” మెత్తగానే అన్నాడు. చెయ్యి మాత్రం పెట్టె మీంచి తియ్యలేదు.

కృష్ణమోహన్‌కి ఒళ్లు మండింది. కానీ ఈ ముసలాయన పేరాశకి ఒక జవాను పేరు రాయి మీంచి పోవడం ఆయనకి మరీ కష్టంగా తోచింది. చివరికి ఊఁ అన్నాడు.

ఆవిష్కరణ నాడు కాలనీ అంతా కదిలొచ్చింది. నల్లరాయి మీద తెల్లటి అక్షరాలు. పైన బలరాం, కింద చిన్న అక్షరాల్లో చిన్నారావు.

“బతికుండగానే స్తూపమెక్కేశాడు చూడు!” అన్నారెవరో వెనకనుంచి. నలుగురూ నవ్వారు.

చిన్నారావు పట్టించుకోలేదు. కుంటుకుంటూ వెళ్లి కింది వరసని వేలితో తడిమాడు. అక్కడే ఒక బంతిపువ్వు పెట్టి, చేతులెత్తి దండం పెట్టాడు. యాభై మూడేళ్లుగా మోస్తున్న బరువేదో దిగి, ఆయన గుండె తేలికైంది.

చాందిని సిగ్గుతో చితికిపోతూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. “నీ పేరుకి నువ్వే దండమేటి తాతా? సబ్ హఁస్ రహే హైఁ!”

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“పైనున్నదే నా పేరమ్మా.”