కొండ వైపు గోడ

మైదానం మధ్య స్తంభం మీది దీపం ఠప్పుమని పేలింది.

"మళ్లీ పగలగొట్టాడు ముదనష్టపు వెధవ!"

నొరాల్బా రొట్టెల పొయ్యి వదిలేసి పరుగెత్తింది. అప్పటికే ఆడపిల్లల ఆట ఆగిపోయింది. గాజుపెంకులు వాళ్ల బూట్ల కింద కరకరలాడుతున్నాయి.

ఎవడు కొడుతున్నాడో తెలీదు. ఉండేలు రాయి ఎటు నుంచి వస్తుందో తెలీదు. పేట జనం చందాలేసుకుని కొత్త బల్బు పెట్టడం, వారం తిరక్కుండా అది పగలడం.

గోల్ దగ్గర నిలబడే ఆమె కూతురు దొరెల్లీ చీకట్లో చేతి తొడుగులు విప్పుతోంది. పిల్ల చెంప మీద పొడుగాటి కత్తిగాటు. నిరుడు ఇదే మైదానంలో, ఇలాంటి చీకట్లోనే, ఎవడో ఫోన్ లాక్కుని గీసిపోయాడు.

"ఏడవకే. ఈసారి పెద్ద దీపాలే తెప్పిస్తా."

"నేనెక్కడ ఏడుస్తున్నానే అమ్మా? ఏడుస్తున్నది నువ్వు."

ఆదివారం లోమా సెకా పేట సభ ఆ మైదానంలోనే జరిగింది. నగర కార్యాలయం నుంచి ఇంజనీరు వచ్చాడు. బల్ల మీద మూడు సీసాలు పెట్టాడు. దీపాలకొకటి, మరుగుదొడ్లకొకటి, గోడకొకటి. ఈ ఏడు ఈ మైదానానికి ఒక్కటే ఇస్తారట. మిగతావి మనవల కాలానికి! పేటవాళ్లు మనిషికో చిక్కుడు గింజ, కావలసిన సీసాలో వేయాలి.

"గోడ ఎటువైపు సారూ?" అడిగాడు మోటార్ సైకిళ్లు బాగుచేసే ఒవీదియో.

"లోయ వైపు. బంతి దొర్లిపోకుండా."

అప్పుడు లేచాడు ఒక ముసలాయన. అవకాడోలు గంపలో పెట్టుకుని కొండ మీంచి దిగివచ్చే మనిషి. పేరెవరూ అడిగింది లేదు.

"గోడే కట్టండయ్యా. కొండ వైపు కట్టండి. ఎత్తుగా. దీపాలు ఆ తర్వాత చూసుకోవచ్చు."

సభ గొల్లున నవ్వింది.

"ఏం తాతా, మీ పైపేటలో బంతులు ఎగువకి దొర్లుతాయా?" అన్నాడు ఒవీదియో.

నొరాల్బాకి నవ్వు రాలేదు. ఒళ్లు మండింది.

"మమ్మల్ని కోసేదీ కాల్చేదీ అంతా చీకట్లోనే. వెలుగుంటే ఏ కొడుకొస్తాడు? నీకు గింజే లేదు, గొంతెందుకు? గంప ఎత్తుకుని పో!"

"పెద్దోణ్ని, నా మాట వినమ్మా..."

"ఎందుకో చెప్పు. వింటా."

ముసలాయన నోరు తెరిచాడు. ఒకసారి కొండ పైకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

గింజలన్నీ దీపాల సీసాలో పడ్డాయి.

నాలుగు మూలలా నాలుగు స్తంభాలు లేచాయి. చూద్దామని ఒక సాయంత్రం మీట నొక్కారు. మైదానం పట్టపగలైంది. చప్పట్లు ఆగకముందే ఒక దీపం ఠప్పుమంది.

"జామచెట్ల వెనకాల! పట్టుకోండ్రా!"

ఈడ్చుకొచ్చారు. చేతిలో ఉండేలు. అవకాడోల ముసలాయన.

"వీడా!" ఒవీదియో కడుపులో తన్నాడు.

చేతిమరలో మొక్కజొన్న విసురుతూ విసురుతూ లేచి వచ్చింది నొరాల్బా. మర ఇనప పిడి ఆమె చేతిలోనే ఉంది.

"ఎవడు పంపాడురా నిన్ను? మా పిల్లలు చీకట్లో చావాలనా?"

"కొట్టమ్మా. కొట్టు. దీపాలు మాత్రం..."

మొదటి దెబ్బ ఆమెదే. కనుబొమ ఎముక చిట్లిన చప్పుడు అందరికీ వినబడింది. ఆ తర్వాత చేతులు లెక్కలేనన్ని. కర్రలు, బూట్లు, ఇటుకలు. పళ్లు సిమెంటు గచ్చు మీద రాలాయి. ఉండేలు పట్టిన చేతిని తొక్కి తొక్కి నుజ్జు చేశారు.

"ఎవడు పంపాడో చెప్పు, వదిలేస్తాం!"



"గోడ..." అన్నాడు నెత్తుటి నురగలోంచి. "ముందు గోడ..."

తల వాలిపోయింది.

శవాన్ని మురిక్కాలవలోకి తోశారు. పోలీసులొచ్చారు. ఎవరూ ఏమీ చూడలేదు. పోలీసులు వెళ్లారు. పేదోణ్ని పేదోళ్లు చంపుకుంటే ఎవడిక్కావాలి?

నొరాల్బా పిడి కడిగింది. మర్నాడు దాంతోనే మొక్కజొన్న విసిరింది.

పగిలిన దీపం మార్చారు. ఆట పెట్టారు. పేట పేటంతా గట్టు మీద కూర్చుంది. బెల్లం నీళ్లు, వేడి మొక్కజొన్న రొట్టెలు. కొండ వైపు గోల్‌లో దొరెల్లీ. పచ్చ చొక్కా ధగధగలాడుతోంది.

"అమ్మా, చూడు! నాకు నాలుగు నీడలు!"

కొండ మీద టపటపమంది. టపాకాయలనుకున్నారు.

దొరెల్లీ వెనక్కి వల మీద పడింది. వల పట్టుకుని ఒక్క క్షణం వేలాడింది. మెడలోంచి నెత్తురు చిమ్మింది. తూటా తగిలి ఒవీదియో మోకాళ్ల మీద కూలాడు. జనం పరుగెత్తారు. ఎటు పరుగెత్తినా వెలుగే. చీమ కూడా కనబడే వెలుగు.

"ఆర్పండ్రా!" కూతురి మీద బోర్లాపడి అరిచింది నొరాల్బా. "దీపాలార్పండ్రా ఎవరైనా!"

మీట ఉన్న పెట్టెకి తాళం. దీపాలు వేసిన నగర కార్యాలయం మనిషి తాళం చెవి పట్టుకుపోయాడు.

తెల్లారాక పోలీసులు తుపాకీవాణ్ని పైపేట మెట్ల మీంచి ఈడ్చుకొచ్చారు. బక్కపల్చటి మనిషి. జనం రాళ్లెత్తారు. అందరికంటే ముందు నొరాల్బా, చేతిలో ఇనప పిడి.

"నా పిల్ల నిన్నేం చేసిందిరా?"

"ఏమీ చెయ్యలేదు. మైదానం మాదని తెలియాలి, వెలుగులో ఎవరు కనబడితే వాళ్లని కాల్చమన్నారు మా ముఠావాళ్లు."

అతని కళ్లు జనంలో ఎవరినో వెతుకుతున్నాయి.

"నా మొహం చూడనని ఇల్లొదిలేసి పోయాడు గానీ, నేను గురి చూసినప్పుడల్లా మా నాన్న ఉండేలుతో ఆ దీపం పగలగొట్టేసేవాడు," అన్నాడు. "నిన్న ఎందుకు రాలేదో."