దేవదూత చేతిరాత

“ఈ దేవదూత ఎవరమ్మా?”

న్యాయనిర్ణేత పోలిరాజు గారు అలా అడిగేసరికి మౌస్ మీద లిడియా చెయ్యి ఆగిపోయింది.

అమలాపురంలో హైస్కూళ్ళ ప్రదర్శన అది. పదో తరగతి చదివే లిడియా ఏడు నెలలు కష్టపడి స్కూలు కంప్యూటర్లో ఒక వీడియో గేమ్ తయారు చేసింది.

అందులో ఆడేవాళ్ళే వాగ్గేయకారుడు ఎబినేజరు గారు. గోదావరి లంకలో కూలివాడి ఇంట పుట్టాలి. పంతులు గారి అరుగు కింద నిలబడి, లోపల చెప్పే పాఠం విని రాగాలు పోగు చేసుకోవాలి. ఒక్కో రాగానికి ఒక్కో లెవెల్.

ఆఖరి లెవెల్లో ఆయనకు చూపు పోతుంది. తెర నల్లబడిపోతుంది. చివరి కీర్తన గుండెలో ఉంది, రాసిపెట్టే మనిషి కావాలి. బటన్ నొక్కితే తెల్లటి రెక్కల దేవదూత దిగివచ్చి రాసిపెడుతుంది.

“నిజంగా ఎవరు రాసేరో ఏ పుస్తకంలోనూ లేదండీ. దేవదూతే రాసిందని మా చర్చిలో అంటారండీ.”

“జీవితం మీద ఆటన్నావు కదమ్మా! అంతా నిజం చెప్పి చివర్లో కథ చెబితే ఎలా? నాలుగింటికి మళ్ళీ వస్తాను. రాసిన మనిషి ఎవరో చెప్పు, మొదటి బహుమతి నీదే. విజయవాడలో రాష్ట్ర పోటీలకి పంపిస్తాం.”

లిడియా పాస్టరు గారికి ఫోన్ చేసింది. ఆయనకూ తెలియదు.

మధ్యాహ్నానికి ఆమె బల్ల ముందు లైన్ గుమ్మం దాటింది. స్పీకర్లోంచి కీర్తన మోగుతుంటే లిడియాకు ఒళ్ళు పొంగిపోయింది. తమ లంక పాట కోసం ఇంతమందా!

లైన్లో తెల్లచీర కట్టుకున్న ఒక ముసలమ్మ ముందుకొచ్చింది.

“మామ్మగారూ, మీరు కూడా ఆడతారా అండీ?” లైన్ చూసుకుంటున్న లిడియా స్నేహితురాలు వాణి నవ్వింది.

“ఆయ్. ఆడకూడదేంటి?”

కుర్రాళ్ళు మూడేసిసార్లు ఓడిపోయే లెవెల్స్‌ను ఆవిడ కూనిరాగం తీస్తూ దాటేసింది.

“మామ్మగారు ఇరగదీసేస్తున్నారు!” వెనక నుంచి ఎవరో అరిచారు.

తెర నల్లబడింది. ఆవిడ మాత్రం బటన్ నొక్కలేదు. ఎబినేజరు గారిని కుడివైపు నడిపించింది.

‘దారి లేదు’ అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఆవిడ మళ్ళీ అటే నడిపించింది.

“అటు గోడండీ మామ్మగారూ,” అంది లిడియా.

“గోడ కాదమ్మా, దడి. దడి సందులోంచి పిలిచేవారు.”

“మీరు బటన్ నొక్కండి, దేవదూత వచ్చి రాసేస్తుంది.”

“దేవదూతకి తెలుగు రాయడం వచ్చేంటి?”

లైనంతా గొల్లుమంది. లిడియా ముఖం ఎర్రబడింది.

మూడోసారీ గోడకే తగిలాక ఆట ముగిసింది.

“అది కాదు తల్లీ, ఆ రోజు...”

“వెనక చాలామంది ఉన్నారండీ.” లిడియా మర్యాదగానే మౌస్ తీసుకుంది.

ఆవిడ నొచ్చుకోలేదు. లిడియా తల మీద చెయ్యి వేసింది.

“ఆయన్ని మళ్ళీ నడిపించేవమ్మా. బంగారు తల్లివి.”

అభిప్రాయాల పుస్తకంలో ఏదో రాసి, ముమ్మిడివరం బస్సు వెళ్ళిపోతుందంటూ గబగబా బయటికి నడిచింది.

నాలుగింటికి పోలిరాజు గారు వచ్చారు.

“తెలిసిందామ్మా?”

“లేదండీ. అది తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరండీ.”

రెండో బహుమతి వచ్చింది. పేరు చదవగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నలుగురిలో తలెత్తని లిడియా ఆ పూట తలెత్తుకునే స్టేజి ఎక్కింది. కప్పు మీద ఎబినేజరు గారి పేరు కూడా వేయించమని అడిగింది.

సామాను సర్దుతూ వాణి అభిప్రాయాల పుస్తకం తెరిచి ఒక్కొక్కటే పైకి చదివింది.

“‘సూపర్ అక్కా’... ‘మన కోనసీమ పరువు నిలబెట్టారు’... ఇదిగోనే, మామ్మగారిది!”

చదవబోయి వాణి ఆగిపోయింది. పుస్తకం లిడియా చేతికిచ్చింది.

వంకర లేని గుండ్రటి అక్షరాలు, కింద రాహేలు అని సంతకం.

‘ఆట చాలా బాగుంది తల్లీ, కానీ ఆ రెక్కలు తీసెయ్యి, ఆయన పాట రాసిపెట్టిన రోజు నా కాళ్ళకి చెప్పులు కూడా లేవు.’