పులిపిర్ల చేతులు

"ఆ కత్తెర ఇక నేను ముట్టను!"

గుండీలకి కాజాలు కుట్టే ఆవిడ కత్తెరను బల్ల మీదికి విసిరేసి, చేతులు గుడ్డముక్కకి గట్టిగా తుడుచుకుంది.

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆ షాపులో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

అందరి చూపూ కొత్తామె చేతుల మీదికి వెళ్లింది. పనిలో చేరి నాలుగు రోజులు. వేళ్ల మీదా గోళ్ల చుట్టూ పులిపిర్లే. ఆవగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని.

షాపు యజమానురాలు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని లేచింది.

షాపులో అందరూ ఆమెను 'అక్కా' అంటారు. కొత్తామె ఒక్కతే మొదటిరోజు నుంచీ 'అమ్మా' అంటోంది. ఆ పిలుపు యజమానురాలి ఒంటికి పడటం లేదు. అలా పిలిచే ఒక్క కొడుకూ మూడేళ్ల కిందట బండి ప్రమాదంలో పోయాడు.

"ఏమ్మా, ఆ చేతులకి మందూ మాకూ లేదా?"

"వాడుతూనే ఉన్నానమ్మా. మందు పూశాను. కాల్పించాను. పోతాయి, మళ్లీ వస్తాయి."

"పోనీ తొడుగులు వేసుకో."

"వీటికి టేపు చుట్టుకుంటాను. నా కత్తెర నేనే తెచ్చుకుంటాను. ఒకళ్ల వస్తువు ముట్టను. కానీ చేతులు దాచుకోమంటే మాత్రం దాచుకోను. ఎక్కడా దొంగతనం చేసి తెచ్చుకున్నవి కాదు."

కాజాలావిడ మూతి తిప్పింది. "చేతులకే అనుకున్నాను, నాలుక్కి కూడా వచ్చినట్టున్నాయి!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"డాక్టరేమంటాడు?" అంది యజమానురాలు.

"రోజూ వేసుకునే మాత్ర ఒకటుంది. అది మానేస్తే ఇవి తగ్గొచ్చట."

"ఇంకేం, మానెయ్."

"మానను."

"ఎందుకు మానవు?"

"మాననంతే. ఒళ్లంతా పులిపిర్లు లేచినా సరే, మానను."

యజమానురాలికి ఒళ్లు మండింది.

"చూడమ్మాయ్, ఈ షాపులో నా ఒక్కదాని మొండితనానికే చోటు చాలదు. చేతులు బాగయ్యాకే రా."

"అయితే ఇక రానమ్మా. పని మీ ఇష్టం, చేతులు నా ఇష్టం."

సగంలో ఉన్న కాలరు పూర్తిగా కుట్టి, దారం తెంపి, మిషన్ మీద గుడ్డ కప్పి వెళ్లిపోయింది. తల మాత్రం దించలేదు.

వారం తిరక్కుండానే యజమానురాలి బొటనవేలి మీద ఒక పులిపిరి తేలింది.

"అంటించి పోయింది మహాతల్లి!" అని రెచ్చిపోయి, దాన్ని దారాలు తెంపే కత్తెరతో కోసిపారేసింది. రక్తం ఆగలేదు. మర్నాటికి వేలు వాచింది.

చర్మాల డాక్టరమ్మ కట్టు విప్పి చూసి తల పట్టుకుంది.

"ఎవరైనా కోసుకుంటారాండీ? చుట్టుపక్కలంతా పాకుతుంది."

"నన్నంటారేం డాక్టరమ్మా? నాలుగు రోజులు పనిచేసి అంటించిపోయిన దాన్ననాలి."

డాక్టరమ్మ నవ్వింది. "ఇది వైరస్ పని. అంటుకున్నాక బయటపడటానికి నెలలు పడుతుంది. ఆవిడ మీ గడప తొక్కకముందే ఇది మీ వేలిలో కాపురం పెట్టింది. మీరే ఆవిడకి అంటించలేదని సంతోషించండి."

యజమానురాలు వాచిన వేలు ఒళ్లో దాచుకుంది.

"పుండు మానాక రోజూ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైన చచ్చిన చర్మం మెల్లగా గీకి, ఈ మందు వెయ్యండి. వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి. చాలామందికి వాటంతటవే పోతాయి కూడా."

"మరి దానికెందుకు పోవు? ఏదో మాత్ర మానేస్తే పోతాయటగా. చచ్చినా మాననని నా మొహం మీదే చెప్పింది."

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది.

"రోజూ వేసుకునేది, మానేస్తే పులిపిర్లు తగ్గేది, అయినా మానలేని మాత్రా? అయితే ఆవిడ కిడ్నీ మార్పించుకున్న మనిషి అయ్యుంటుంది. కొత్త కిడ్నీని పరాయిదని ఒళ్లు తరిమెయ్యకుండా, ఆ మాత్ర ఒంటి కాపలాని జోకొట్టి ఉంచుతుంది. కాపలా నిద్రపోతే పులిపిర్లు ఆడిందే ఆట. మానేస్తే చేతులు బాగుపడతాయేమో. కిడ్నీ మాత్రం దక్కదు."

యజమానురాలు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

మూడేళ్ల కిందట, ఆసుపత్రిలో, మెదడు చచ్చిపోయిన కొడుకు ఊపిరి యంత్రం మీద ఉండగా, వాడి అవయవాలు ఇవ్వడానికి తను సంతకం పెట్టింది. సంతకం పెట్టించిన ఆసుపత్రి అమ్మాయిని కసిరింది కూడా. "ఎవరికిచ్చారో నాకు చెప్పొద్దు. ఎవరూ నా గుమ్మం తొక్కొద్దు. దండాలు పెట్టించుకోవడానికి ఇవ్వడం లేదు."

ఆ అమ్మాయికే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, అప్పుడన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మావాడి కిడ్నీ ఇచ్చింది చేతులనిండా పులిపిర్లున్న ఆవిడకేనా?"

అవతల తలుపు మూసిన చప్పుడయింది.

"ఆవిడకేనమ్మా. అబ్బాయి ఫోటో అప్పుడు పేపర్లో పడిందిగా. దాన్నిబట్టి మీ షాపు ఎక్కడో ఆవిడే కనుక్కున్నారు. తనెవరో చెప్పుకుంటే మీరు రానివ్వరని, పనికోసం వచ్చినట్టు వచ్చారు."

"ఎక్కడుంది? ఇప్పుడే వెళ్తాను."

"నిన్ననే ఊరు మారిపోయారమ్మా. చిరునామా ఇవ్వొద్దన్నారు. మీ అంతట మీరు అడిగితే మాత్రం ఒక్కమాట చెప్పమన్నారు."

"చెప్పు."

"మీ అబ్బాయి కిడ్నీ తన ఒంట్లో చక్కగా పనిచేస్తోందట, ఎవరేమన్నా సరే, దాన్ని పోనివ్వదట."